కావలివాని లెక్క

లోకమున లెక్కలు రెండు విధములు. వచ్చినదానిని వ్రాసికొను లెక్క యొకటి. పోకుండ నిలిపినదానిని వ్రాసికొనవలసిన లెక్క వేరొకటి. మొదటి లెక్కకు చిట్టాలును, ఆవర్జాలును, కరణములును, గుమాస్తాలును కలరు. రెండవదానికి పుస్తకమే లేదు. పంట కళ్ళమునకు చేరిన పిమ్మట ఎన్ని పుట్లు పండినవని అందఱును అడుగుదురు. పగలెల్ల మంచెపై నిలిచి వడిసెల త్రిప్పినవాడు ఎన్ని గింజలను పిట్టల నోట పడకుండ కాపాడెనని అడిగినవారు ఎవ్వరు? చెరువుగట్టు మాట గండి పడిననాడే ఊరివారికి జ్ఞప్తికి వచ్చును. గండి పడని సంవత్సరములలో గట్టును తలచువాడు లేడు.

క్రీడారంగమునందును ఈ పక్షపాతమే సాగుచున్నది. గోలు చేసినవానిని తోడివారు భుజములపై నెత్తుకొందురు. శతకము కొట్టినవాని చిత్తరువు మఱునాటి పత్రికలలో మొదటి పుటకు ఎక్కును. ఎదుటి జట్టునకు ఒక్క గోలైనను దక్కనీయక, వారి పేరున కెదురుగా సున్నను నిలిపి ఇంటికి పంపినవాని సంగతి యేమి? సున్నకు స్థానవిలువను కల్పించి లోకమున కిచ్చినది మన దేశమేయని సభలలో సగర్వముగ చెప్పుకొందుము. ఆటస్థలమున ఆ సున్నను సంపాదించి పెట్టినవానికి మాత్రము పూలదండ వేయుట మఱచిపోవుదుము. ఈ లోపమును గూర్చియే నేడు చదువరులతో నాలుగు మాటలు చెప్పదలచితిమి.

మన విశాఖపట్టణము ఈ విషయమున ఒక మంచి నిదర్శనమును చూచిన పట్టణము. 2016 అక్టోబరు 29వ తేది నరకచతుర్దశి. ఆ దినమున మధురవాడ సమీపముననున్న క్రికెట్టు క్రీడామందిరమున భారత జట్టునకును న్యూజీలెండు జట్టునకును ఒకదినపు పోటీలలో అయిదవదియు కడపటిదియు నైన పందెము జరిగెను. అంతకుముందు చెరి రెండు గెలిచియుండుటచేత ఆనాటి ఆట విజేతను నిర్ణయింపవలసి యుండెను. భారతీయ క్రీడాకారులు ఆనాడు తమ తల్లుల పేరులు వ్రాసిన దుస్తులను ధరించి ఆడిరి. మనవారు మొదట ఆడి 50 ఓవర్లలో 6 వికెట్ల నష్టమునకు 269 పరుగులు చేసిరి. అది గెలిచితీరునట్టి పెద్ద మొత్తమేమియు కాదు. న్యూజీలెండువారు రెండు వికెట్లు పోయి 63 పరుగుల వద్ద నుండగా ఆట ఎటువైపు మొగ్గునో చెప్పరాకుండెను. అచ్చటినుండి వారు కూర్చుకొన్నది పదునాఱు పరుగులు మాత్రమే. పోగొట్టుకొన్నది ఎనిమిది వికెట్లు. 23 ఓవర్ల ఒక బంతిలో 79 పరుగులకు జట్టంతయు కూలెను. అమిత్ మిశ్రా 18 పరుగులిచ్చి 5 వికెట్లు తీసెను. భారతము 190 పరుగుల తేడాతో గెలిచి పోటీల వరుసను చేజిక్కించుకొనెను. దీపావళికి ఒకనాడు ముందే ఊర మతాబులు వెలిగినవి.

ఈ పందెమును మేము ఇచ్చట స్మరించుటకు కారణము గెలుపు కాదు, గెలిచిన విధము. ఆనాడు మనవారు పరుగులను కుప్పలుగా పోసి ఎదుటివారిని ముంచివేయలేదు. ఎదుటివారికి దారి మూసివేసిరి. ప్రతి బంతియు ఒక తలుపు. తలుపులన్నియు ఒకదాని వెంట నొకటి మూసికొనినప్పుడు లోపల చిక్కినవాడు తొందరపడును. తొందరపడినవాడు తప్పు చేయును. పరుగు ఈయకుండుట, వికెట్టు తీయుట అనునవి రెండు వేర్వేరు పనులని పైకి తోచును. నిజమునకు మొదటిది దుక్కి, రెండవది పంట.

క్రికెట్టు ఆటలో ఒక్క పరుగైన నీయని ఓవరును మెయిడెన్ ఓవరందురు. ఈ విద్యయందు ఆరితేఱినవాడు బాపూ నాడకర్ణి. 1964 జనవరిలో చెన్నపట్టణమున ఇంగ్లండు జట్టుతో జరిగిన టెస్టు పందెమున ఆయన 32 ఓవర్లు వేసి అయిదు పరుగులు మాత్రమే ఇచ్చెను. అందు 27 ఓవర్లు మెయిడెన్లు. 21 ఓవర్లు వరుసగా మెయిడెన్లు. 131 బంతులు వెంటవెంట పరుగు లేకుండ సాగినవి. ఒకే చోట, ఒకే నిడివిలో, విసుగులేక బంతిని పడవేయుచుండుట చూచువారికి వినోదము కాకపోవచ్చును. నాగటిచాలు తిన్నగ పోవుటయు చూచువారికి వినోదము కాదు. దున్నువానికి మాత్రమే అందలి కష్టము తెలియును. ఇంతయు చెప్పిన పిమ్మట ఒక మాట దాచరాదు. ఆ ఇన్నింగ్సున నాడకర్ణికి ఒక్క వికెట్టును దక్కలేదు. పందెము కూడ గెలుపోటములు లేకయే ముగిసెను. ఈ కొఱతను గూర్చి ముందు చెప్పుదుము.

క్రికెట్టునందలి వికెట్‌కీపరు కూడ కావలివాడే. ఆయన చేతికందిన బంతులు ఏ లెక్కకును ఎక్కవు. జాఱవిడిచినవి మాత్రము బైలు అను పేర ఎదుటి జట్టు లెక్కలో పడును. అనగా ఆయన మంచికి పుస్తకములో చోటు లేదు. చెడుగునకు మాత్రము ఒక గడి ఏర్పఱచి యుంచినారు. మన విశాఖపట్టణపు బిడ్డయైన కోన శ్రీకర్ భరత్ 2024 ఫిబ్రవరిలో ఈ పట్టణముననే ఇంగ్లండుతో జరిగిన టెస్టున భారత జట్టునకు వికెట్‌కీపరుగా నిలిచెను. అంతకు చాల పూర్వమే, 2015లో, రంజీ పోటీలయందు గోవా జట్టుపై 308 పరుగులు చేసి, ఆ పోటీలలో మూడువందలు దాటిన మొదటి వికెట్‌కీపరుగా ఆయన పేరొందెను. విచిత్రమేమనగా దేశమునకు ఆయన పేరు తెలిసినది ఆ 308 పరుగులచేతనే. ఎండలో దినమెల్ల వికెట్ల వెనుక కూర్చుండి లేచుచు ఆపిన బంతులెన్నియో ఎవరును ఎఱుగరు. కావలివాడు సయితము పేరు పొందవలెనన్నచో పంట కోయువాని పనిని కూడ చేసి చూపవలసి వచ్చినది.

హాకీ యాటయందు మన దేశము సాధించిన సున్నల చరిత్ర ఇంతకంటె ఘనమైనది. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్ పోటీలకు భారత హాకీ జట్టు మొదటిసారి వెళ్ళినది. ఆస్ట్రియాపై 6, బెల్జియముపై 9, డెన్మార్కుపై 5, స్విట్జర్లెండుపై 6, కడపటి పందెమున హాలెండుపై 3, మొత్తము 29 గోలులు చేసినది. ఎదుటివారు చేసినది సున్న. ఈ 29లో 14 గోలులు ధ్యాన్‌చంద్ కర్రనుండి వచ్చినవి. ఆయన పేరు ఎఱుగని బాలుడు భారతదేశమున లేడు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29వ తేదిని దేశమంతయు క్రీడాదినముగ జరుపుకొనుచున్నది. అది ఉచితమే. కాని ఆ అయిదు పందెములలోను గోలు వాకిట నిలిచిన రిచర్డ్ ఆలెన్ పేరు చదువరులలో ఎందఱికి తెలియును? ఇరువదితొమ్మిది ఎంత సత్యమో ఆ సున్నయు అంత సత్యము గదా!

ఈ ఆలెనును గూర్చియే ఒక వినోదగాథ కలదు. 1932లో లాస్ ఏంజిలిస్ నగరమున మనవారు అమెరికాను 24-1 గోలుల తేడాతో ఓడించిరి. ఎదుటివారి ఆ ఒక్క గోలు ఎట్లు పడినదనగా, బంతి తన వైపు వచ్చు జాడయే లేకపోవుటచేత ఆలెన్ గోలు వెనుకనున్న ప్రేక్షకులకు చేవ్రాళ్ళు చేయుచుండెననియు, ఆ సమయముననే బంతి లోపల పడెననియు చెప్పుదురు. నవ్వు వచ్చెడి కథయే. కాని ఇందొక నీతి కలదు. ఇరువదినాలుగు గోలులు చేసిన దినమునగూడ మంచె దిగినవాని చేనిలో పిట్ట వాలక మానదు.

1956లో మెల్‌బోర్న్ నగరమున భారత జట్టు మరల ఈ ఘనతను సాధించెను. ఆఫ్గనిస్థానముపై 14, అమెరికాపై 16, సింగపూరుపై 6, పిమ్మట జర్మనీపై 1, కడపట పాకిస్థానుపై 1. మొత్తము 38 గోలులు. ఎదుటివారికి సున్న. ఈ అంకెలను జాగ్రత్తగ పరిశీలించినచో ఒక సంగతి బోధపడును. మొదటి మూడు పందెములలో గోల్‌కీపరు నిద్రించినను ఆట పోయెడిది కాదు. కడపటి రెండు పందెములలో ఒక్క బంతి జాఱినను బంగారు పతకము చేజాఱెడి ప్రమాదముండెను. పదునాఱు గోలులనాటి సున్న అలంకారము; ఒక గోలునాటి సున్న ప్రాణము. ఆ ప్రాణమును కాచినవాడు శంకర్ లక్ష్మణ్.

శంకర్ లక్ష్మణ్ చరిత్ర మన క్రీడాభిమానులందఱును తెలిసికొనదగినది. 1964లో టోక్యో నగరమున కడపటి పందెమున భారతము మరల పాకిస్థానును 1-0 గోలున గెలిచినప్పుడును గోలు వాకిట నిలిచినవాడు ఆయనయే. గోలు చేసిన మొహిందర్‌లాల్ ఒక్కసారి కొట్టెను. లక్ష్మణ్ పదేపదే ఆపెను. 1966 ఆసియా క్రీడలలో ఆయన నాయకత్వమున భారత జట్టు బంగారు పతకమును గెలుచుకొనెను. ప్రభుత్వమువారు అర్జున బహుమానమును, పద్మశ్రీ బిరుదమును ఇచ్చిరి. కాని తరువాతి దశాబ్దములలో దేశము ఆయనను మఱచిపోయెను. కడపట కాలికి కుళ్ళువ్యాధి సోకి, తగినంత ఆదరణ కొఱవడిన స్థితిలో, 2006లో మహూ పట్టణమున ఆయన కన్నుమూసెను. రెండు పర్యాయములు కడపటి పందెమున పాకిస్థానునకు సున్న చూపిన యోధునకు మనము చూపిన కృతజ్ఞత కూడ ఇంచుమించు సున్నయే యయ్యెనని చెప్పుటకు సిగ్గగుచున్నది.

ఇటీవల కాలము కొంత మాఱినది. టోక్యో నగరమున 2021లో జరిగిన ఒలింపిక్ పోటీలలో కంచుపతకము కొఱకు జర్మనీతో ఆడిన పందెమున, 5-4గా నున్న ఆటలో, కడపటి క్షణములలో వచ్చిన పెనాల్టీ కార్నరును అడ్డుకొన్న పి.ఆర్. శ్రీజేష్‌ను దేశమంతయు కొనియాడినది. 2024లో పారిస్ పోటీలనంతరము ఆయన విరమించినప్పుడు ఆయన ధరించిన 16వ సంఖ్యను మఱియొకరికి ఈయరాదని హాకీ సంఘమువారు నిర్ణయించిరి. ఇది శుభసూచకము. అయినను ఈ మార్పు పై అంతస్తునకు మాత్రమే వచ్చినది. పాఠశాల మైదానమునకు ఇంకను దిగలేదు.

ఎదుటివారికి సున్న చూపుట యనునది యదృష్టమని కొందఱు తలంతురు. కాదు. అదియొక శాస్త్రము. ఫుట్‌బాల్ గోలు వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. ఇంతటి వాకిలిని ఒక మనుష్యుడు తన దేహముతో మూయజాలడు. అందుచేత నేర్పరియైన గోల్‌కీపరు గీతమీదనే నిలిచియుండక, బంతితో వచ్చువాని కెదురుగ నాలుగడుగులు ముందునకు పోవును. దీపమునకు చేరువగ చేయి పెట్టినకొలది గోడపై నీడ పెద్దదియగునట్లు, బంతికి చేరువైనకొలది ఆయన దేహము వాకిలిలో ఎక్కువ భాగమును కప్పును. మఱీ ముందునకు పోయినచో బంతి తలపైనుండి పోవును. ఎప్పుడు పోవలెను, ఎచ్చట ఆగవలెనను వివేకమే ఆ విద్యయొక్క సారము. పెనాల్టీ తన్నునప్పుడు బంతికిని గోలునకును నడుమ 36 అడుగులు మాత్రమే యుండును. బలముగ తన్నిన బంతి అర సెకను లోపుననే వాకిటికి వచ్చును. బంతి బయలుదేఱిన పిమ్మట ఆలోచించువానికి వ్యవధి లేదు. తన్నువాని అడుగును, నడుమును, చూపును ముందే చదువవలెను.

అంతకంటె ముఖ్యమైనది కంఠము. మైదానమంతయు కన్నులయెదుట కనబడునది గోల్‌కీపరు నొక్కనికే. ఎడమవైపు ఖాళీ యున్నదనియు, వెనుకనుండి ఒకడు వచ్చుచున్నాడనియు కేకవేసి తనవారిని సరిదిద్దుట ఆయన విధి. మంచి గోల్‌కీపరు ఆపిన బంతులకంటె ఆయన కేకచేత పుట్టకయే పోయిన ప్రమాదములు ఎక్కువ. కాబట్టి సున్న యొక్కని సొత్తు కాదు. ముందున ఆడువాడు బంతిని పోగొట్టుకొన్న వెంటనే వెనుకకు పరుగెత్తునా, నడుమ నున్నవాడు తన చోటు విడువకుండునా, అను వానిపై అది యాధారపడి యున్నది. గోలు చేయుటకు ఒకని ప్రతిభ చాలును. గోలు పడకుండుటకు పదునొకండుగురి శీలము కావలెను.

ఇంతగా కావలివానిని కొనియాడుచున్నందున, కాచుటయే ఆటయని మేము చెప్పుచున్నామని ఎవ్వరును భ్రమింపరాదు. 2006లో జర్మనీ దేశమున జరిగిన ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలలో స్విట్జర్లెండు జట్టు నాలుగు పందెములాడినది. ఫ్రాన్సుతో 0-0, టోగోపై 2-0, కొరియాపై 2-0, యుక్రెయినుతో 0-0. ఆట జరిగినంతసేపు ఒక్క గోలైనను వారిపై పడలేదు. అయినను యుక్రెయినుతో ఆట సమమై పెనాల్టీలు తన్నుకొనవలసి వచ్చినప్పుడు, వారు ఒక్కదానినైనను లోపలికి పంపలేక ఇంటిదారి పట్టిరి. ఇనుపపెట్టెకు తాళము వేసికొని లోపల నేమియు దాచుకొనని గృహస్థుని వంటిది వారి స్థితి.

మన పట్టణముననే దీనికి మఱియొక దృష్టాంతము కలదు. పైన చెప్పిన పందెమునకు మూడు వారములైనను గడవకమునుపే, 2016 నవంబరు 17వ తేది మొదలు ఇచ్చట భారతమునకును ఇంగ్లండునకును టెస్టు జరిగెను. విశాఖపట్టణమున జరిగిన మొదటి టెస్టు పందెమదియే. కడపటి ఇన్నింగ్సున 405 పరుగులు చేయవలసిన ఇంగ్లండువారు గెలుపు నాస వదలి నిలుపుకొనుటకే నిశ్చయించిరి. నాయకుడైన కుక్, యువకుడైన హమీద్ యాభై ఓవర్లు బంతికి బంతి అడ్డుకొని నిలిచిరి. కుక్ 188 బంతులెదుర్కొని 54 పరుగులు, హమీద్ 144 బంతులెదుర్కొని 25 పరుగులు చేసిరి. వారి ఓర్పు మెచ్చదగినది. కాని నాలుగవనాటి ఆట ముగియునంతలో కుక్ రవీంద్ర జడేజా బంతికి చిక్కెను. రెండు వికెట్లకు 87 పరుగులుగా నున్న జట్టు మఱునాడు 158 వద్ద ముగిసెను. 246 పరుగుల తేడాతో ఓడెను. ఎదుటివానిని ఏమాత్రము భయపెట్టని కావలి ఎంతకాలము నిలుచును? చుట్టును చేరినవారికి తొందర లేదు. లోపలివాని కొక్క తప్పు చాలును.

ఆటల నియమములను ఏర్పఱచిన పెద్దలును ఈ సంగతిని గ్రహించిరి. గోల్‌కీపరునకు వెనుకకు తన్నుచు, ఆయన చేత పట్టించుచు కాలము వెళ్ళబుచ్చు జట్టులు పెరిగినందున, తనవాడు కాలితో కావలయునని పంపిన బంతిని గోల్‌కీపరు చేత పట్టరాదని 1992లో ఫుట్‌బాల్ నియమమును మార్చిరి. మన చెడుగుడునందును అట్లే జరిగినది. ప్రొ కబడ్డీ పోటీలలో కూతకు వెళ్ళినవానికి 30 సెకనుల గడువు. రెండు కూతలు వరుసగ వట్టివైనచో మూడవ కూతకు వెళ్ళినవాడు పాయింటు తెచ్చి తీరవలెను, లేనిచో తానే యవుటగును. 2025 ఆగస్టు 29న ఆ పోటీల పండ్రెండవ వరుస మన విశాఖపట్టణముననే యారంభమైనప్పుడు, తెలుగు టైటన్సు ఆటను చూచినవారు ఈ మూడవ కూతనాటి ఉత్కంఠను అనుభవించియే యుందురు. సారాంశమేమనగా, సాహసము లేని రక్షణను ఆట సహింపదు. రక్షణ లేని సాహసమును గెలుపు సహింపదు.

ఇంకొక హెచ్చరిక. సున్నపై అభిమానము దురభిమానముగ మారరాదు. ఇటలీ గోల్‌కీపరు డీనో జోఫ్ 1972 మొదలు 1974 వరకు దేశముల నడుమ పందెములలో 1142 నిమిషములు ఒక్క గోలును పడనీయలేదు. 1974 ప్రపంచ పోటీలలో ఆ కోటను భేదించినవాడు ఏ మహాజట్టువాడును కాదు. హయితీయను చిన్న దీవిదేశమునకు చెందిన సానోన్. ఆ పందెమున ఇటలీయే 3-1 గోలుల తేడాతో గెలిచెను. జోఫ్ ఆ గోలుచేత చిన్నవాడు కాలేదు. ఎనిమిదేండ్ల పిమ్మట, 1982లో, నలువదియేండ్ల వయస్సున, నాయకుడై ప్రపంచకప్పును చేత పట్టెను. మన తెలుగుగడ్డపై పుట్టిన గొప్ప గోల్‌కీపరు పీటర్ తంగరాజు కథయు అట్టిదే. 1935లో హైదరాబాదున జన్మించి, 1956, 1960 ఒలింపిక్ పోటీలలో ఆడి, ఆసియాలోనే మేటి గోల్‌కీపరని పేరొందినవాడు ఆయన. హైదరాబాదువాడేయైన గురువు సయ్యద్ అబ్దుల్ రహీము శిక్షణలో 1962 జకార్తా ఆసియా క్రీడల కడపటి పందెమున భారతము కొరియాను 2-1 గోలున గెలిచినది. సున్న నిలువలేదు, బంగారము నిలిచినది. కాబట్టి ఒక గోలు పడినంతమాత్రమున తల వంచుకొనువాడు మంచి కావలివాడు కాడు. గండి పడిన చోట వెంటనే మట్టి వేయువాడే మంచి కావలివాడు.

అట్లే, బలహీనులకు పెద్ద తేడాతో సున్న చూపి వారిని హేళన చేయుట వీరధర్మము కాదు. పాఠశాలల పందెములలో పదియేసి, పదునైదేసి గోలులు చేసి, ఓడినవారి యెదుట చిందులు త్రొక్కుట కొన్నిచోట్ల కనబడుచున్నది. గట్టిగా ఆడుట ఎదుటివానికి చూపెడి గౌరవమే. ఆట ముగిసిన పిమ్మట చేయి చాచకుండుట మాత్రము అగౌరవము. ఉపాధ్యాయులు ఈ భేదమును బాలురకు నేర్పవలెను.

ఒక సాయంకాలము సముద్రతీరమున మేము నడచుచుండగా కొందఱు బాలురు ఇసుకపై ఫుట్‌బాల్ ఆడుచుండిరి. రెండు జతల చెప్పులే గోలు స్తంభములు. వాని నడుమ నిలిచినవాడు అందఱిలో చిన్నవాడు. పరుగెత్తలేడని వానిని అచ్చట నిలిపిరని చూడగనే తెలిసినది. వాడు మూడుమాఱులు ఇసుకలో పడి బంతిని ఆపెను. ఎవ్వరును శభాషనలేదు. నాలుగవమాఱు బంతి చెప్పుల నడుమనుండి పోయెను. వెంటనే నలుగురును వానిపై పడి తిట్టిరి. వాడు మోచేతికంటిన ఇసుకను దులుపుకొని మాటాడక మరల తన చోట నిలిచెను. మేము దగ్గఱకు పోయి, "బాబూ, మూడు బాగుగా ఆపినావు" అనగా వాడు ఆశ్చర్యముతో చూచి, "లెక్క పెట్టినారాండీ?" అనెను. ఆ ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము.

లెక్క పెట్టవలెను. ఇదియే మేము చదువరులను కోరునది. మన జిల్లాలలో సంక్రాంతి పందెములకు, పాఠశాలల పోటీలకు కప్పులును, షీల్డులును దయచేయు భూస్వాములును, వర్తకులును, వకీళ్ళును పెక్కుమంది కలరు. ఎక్కువ గోలులు చేసినవానికి వెండికప్పు నిచ్చుచున్నారు, మంచిదే. ఎదుటివారికి తక్కువ గోలులిచ్చిన జట్టు కావలివానికిని అంతే తూకము గల కప్పు నొకదానిని ఏర్పాటు చేయుడు. లెక్క వ్రాయువారు గోలులతోపాటు ఆపిన బంతులను గూడ వ్రాయవలెనని నియమము పెట్టుడు. ఖర్చు కొలదియే, ఫలము పెద్దది. హాకీ గోల్‌కీపరునకు కాళ్ళకు ప్యాడ్లు, చేతులకు తొడుగులు, శిరస్త్రాణము లేనిదే నిలుచుట ప్రాణాపాయము. ఒక జతకగు వ్యయము పేదబాలుని తండ్రికి భారము. ఊరికి భారము కాదు. చిత్తూరు జిల్లాలోని ఒక పల్లెనుండి బయలుదేఱిన ఇతిమరపు రజని భారత మహిళా హాకీ జట్టునకు గోల్‌కీపరు కాగలిగెను. అట్టి బాలికలు మన యుత్తరాంధ్ర పల్లెలలో లేరని యెవరు చెప్పగలరు?

చోటు లేక యాట లేదు. పట్టణము పెరిగినకొలది ఖాళీస్థలములు తరుగుచున్నవి. ఆంధ్రవిశ్వకళాపరిషత్తు మైదానములు, ఉక్కునగరపు మైదానములు, రేవు వారి క్రీడామందిరములు మన కున్న సంపద. వానిని కాపాడుకొనుటయు గోలు కాచుట వంటిదే. పోయిన మైదానము మరల రాదు. ఒక అంగడి కట్టినవాని పేరు రాతిపలకపై చెక్కుదురు. అంగడి కట్టనీయక మైదానమును నిలిపినవాని పేరు ఎచ్చటను ఉండదు. అట్టివారు కొందఱైనను పట్టణమునకు కావలెను.

విశాఖపట్టణము సున్న విలువను ఎఱుగని యూరు కాదు. ఏ పెద్ద కర్మాగారపు వాకిట చూచినను ప్రమాదము లేక గడచిన దినములను వ్రాసిన పలక యొకటి వ్రేలాడుచుండును. అచ్చట పనిచేయువారికి ప్రమాదముల గడిలో సున్న యుండుటకంటె మిన్నయైన గెలుపు లేదు. ఆ సున్న వెనుక ఎందఱి మెలకువ యున్నదో వారి యింటివారికి తెలియును. మన రేవు కథయు అంతియే. 1933లో ఓడలకు తెఱచిన ఈ రేవును అలల తాకిడినుండియు, ఇసుకమేటలనుండియు కాచుటకు, కట్టునప్పుడే రెండు పాత యోడలను యారాడకొండ చెంత సముద్రమున ముంచి అడ్డుకట్టగ నిలిపిరి. రేవునకు వచ్చిపోవు ఓడల పేరులను పుస్తకములలో వ్రాసికొన్నారు. అవి తెచ్చిన సరకును మణుగులలోను టన్నులలోను లెక్కించినారు. నీటి యడుగున నిలిచి అలలను ఆపిన ఆ రెండు ఓడలు ఎంత సరకును కాపాడినవో ఎవ్వరును లెక్క కట్టలేదు.

ఇకనైనను కట్టుదము. రానున్న పోటీలలో మన చదువరులు బహుమతులీయ లేచినప్పుడు, గోలు చేసినవానితోపాటు వాకిట నిలిచి యిసుక దులుపుకొన్న ఆ చిన్నవానిని గూడ వేదికపైకి పిలువవలెనని ప్రార్థించుచున్నాము.